అవగాహన లేనిది ఎవరికి?

జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద ఏ నివేదిక తీసి చూసినా, చివరి పేజీలో ఒక వాక్యం మీకు తప్పకుండా కనబడుతుంది. “ప్రజలలో అవగాహన లేకపోవడమే వ్యాధి వ్యాప్తికి ప్రధాన కారణం” అన్నదే ఆ వాక్యం. గిరిజన ప్రాంతమైతే దానికి ముందు “నిరక్షరాస్యత, మూఢనమ్మకాలు” అన్న మాటలు అదనంగా చేరతాయి. పత్రికలు దాన్నే అచ్చువేస్తాయి. పరీక్షలో మీరూ అదే రాస్తారు, మార్కులూ పడతాయి. ఈ వ్యాసంలో ఆ వాక్యాన్నే పరీక్షకు పెడదాం. సైన్సు చదువుకునేవాళ్ళం కనుక, ఒక మాటను ఎంతమంది చెప్పారన్నది కాదు, ఏ ఆధారంతో చెప్పారన్నది మనకు ముఖ్యం.

శబరికి ఇటూ అటూ

పటం తీసి కొంటా ఎక్కడుందో వెతకండి. ఒకప్పుడు బస్తర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 2012 నుంచి సుక్మా జిల్లాలో ఉంది. ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణపు కొస ఇది. ఊరిని ఆనుకుని శబరి నది పారుతుంది. నది దాటితే ఒడిశాలోని మల్కనగిరి జిల్లా. రోడ్డు పట్టుకుని దక్షిణానికి వస్తే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు. మూడు రాష్ట్రాలు, మూడు అధికార భాషలు. కాని సంతకు వచ్చే జనం మాత్రం ఒక్కటే. కోయలు, దోర్లలు నదికి రెండు వైపులా ఉన్నారు. పెళ్ళి సంబంధాలు నది దాటి వెళతాయి. వరిమళ్ళు, పందులు, కోళ్ళు, మేకలు, ఇప్పచెట్లు అటూ ఇటూ ఒకే తీరు.

2016 సెప్టెంబరులో శబరికి అవతల, మల్కనగిరి జిల్లా పల్లెల్లో చిన్నపిల్లలు చనిపోవడం మొదలైంది. జ్వరం, ఫిట్లు, స్పృహ తప్పడం, ఒకటి రెండు రోజుల్లోనే మరణం. ఆ సంవత్సరం చివరికి చనిపోయిన పిల్లల సంఖ్య వంద దాటింది. ఎక్కువమంది కోయ కుటుంబాల పిల్లలు, బడి ఈడు కూడా రానివారు. కొందరి రక్తపరీక్షల్లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్, అంటే మనం మెదడువాపు వ్యాధి అని పిలిచే జబ్బు ఉన్నట్టు తేలింది. ఈ జిల్లాలో ఆ వ్యాధి కొత్త కాదు. 2012లోనూ అక్కడ బయటపడింది.

మెదడువాపు అనగానే వేళ్ళన్నీ పందివైపు తిరిగాయి. పందులను ఇళ్ళ మధ్య నుంచి తీసి, ఊరికి దూరంగా కంచె వేసిన ఆవరణల్లోకి తరలించే కార్యక్రమం మొదలైంది. దోమల మందు కొట్టారు. పందులతో కలిసి బతకడం ప్రమాదమని ఊరూరా చెప్పారు. పందులను వదులుకోవడానికి జనం వెనకాడితే, మళ్ళీ ఆ పాత మాటే వినిపించింది: అవగాహన లేదు.

పంది చేసే పని ఏమిటి?

ముందుగా పాఠ్యపుస్తకం చెప్పేది సరిగ్గా తెలుసుకుందాం. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌కు అసలు నెలవు నీటి పక్షులు, ముఖ్యంగా కొంగ జాతివి. వరిమళ్ళలో పెరిగే క్యూలెక్స్ దోమలు దాన్ని ఒక పక్షి నుంచి మరో పక్షికి చేరుస్తూంటాయి. అదే దోమ పందిని కుడితే, పంది రక్తంలో వైరస్ కొన్ని రోజులపాటు విపరీతంగా పెరుగుతుంది. అప్పుడు ఆ పందిని కుట్టిన దోమలన్నీ వైరస్‌ను మోస్తాయి. అందుకే పందిని వైరస్‌ను వృద్ధి చేసే జంతువు అంటారు. మనిషి రక్తంలో వైరస్ అంతగా పెరగదు. కనుక మనిషి నుంచి దోమకు, దోమ నుంచి ఇంకో మనిషికి ఇది సాగదు. పందిని ముట్టుకున్నా, దాని మాంసం వండుకుని తిన్నా ఈ జబ్బు రాదు.

ఇప్పుడు లెక్క చూడండి. ఈ వైరస్ సోకిన వాళ్ళందరికీ జబ్బు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 250 మందికి సోకితే ఒక్కరికి మాత్రమే తీవ్రమైన జబ్బు వస్తుంది. ఒక పల్లెలో 60 మంది పిల్లలున్నారనుకుందాం. ఆ అరవైమందికీ వైరస్ సోకినా, అలాంటి నాలుగు పల్లెలు కలిపితే ఒక్క బిడ్డ జబ్బుపడుతుంది. తక్కిన మూడు పల్లెల్లో ఏమీ జరగదు. అక్కడా పందులున్నాయి, దోమలున్నాయి.

అలాంటి పల్లెలో ఒక తల్లి, “మా తాతల నాటి నుంచి పందులున్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు” అన్నదనుకోండి. ఆమె అబద్ధం చెప్పిందా? లేదు. తన కళ్ళతో చూసింది చెప్పింది. 250లో ఒక్కటిగా వచ్చే జబ్బును ఒక్క పల్లె అనుభవంతో పట్టుకోవడం ఎవరివల్లా కాదు. దానికి జిల్లాల లెక్కలు, ప్రయోగశాలలు కావాలి. ఆ లెక్కలు ఆమెకు ఎవరూ చూపలేదు. “పంది వల్ల జబ్బు” అన్న ఒక్క ముక్క మాత్రమే చెప్పారు. ఆ ముక్క ఆమె అనుభవానికి విరుద్ధంగా ఉంది. అనుభవానికి విరుద్ధమైన మాటను ఆధారం లేకుండా నమ్మకపోవడం మూఢనమ్మకమా? మన తరగతి గదిలో దానికి శాస్త్రీయ దృక్పథం అని పేరు.

నమ్మినా ఏం ప్రయోజనం?

సరే, ఆమె నమ్మింది, పందులను దూరం పెట్టింది అనుకుందాం. అంతటితో బిడ్డ క్షేమమేనా? క్యూలెక్స్ దోమ కిలోమీటరు దాటి కూడా ఎగరగలదు. ఊరి చివర కంచెలో పెట్టిన పందికీ, ఇంట్లో పడుకున్న బిడ్డకూ మధ్య దూరం దానికి లెక్కలోకి రాదు. కొంగలు వరిమళ్ళలోనే ఉంటాయి, వాటిని కంచెలో పెట్టేవారు లేరు. మనుషులకు టీకా వేయడం తప్ప, ఇతర చర్యల వల్ల ఈ జబ్బు తగ్గిందనడానికి చాలినంత ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

మరి టీకా మాటేమిటి? 2005లో గోరఖ్‌పూర్ ప్రాంతంలో పెద్దఎత్తున మరణాలు సంభవించాక, 2006 నుంచి మన దేశంలో ఎంపిక చేసిన జిల్లాల్లో పిల్లలకు ఈ టీకా వేయడం ఆరంభించారు. మల్కనగిరిలో 2012లోనే జబ్బు బయటపడింది. పిల్లలకు పెద్దఎత్తున టీకా వేసే ప్రచారం మాత్రం 2016 మరణాల తర్వాతే వచ్చింది. ఈ మధ్య నాలుగేళ్ళు గడిచాయి. ఆ నాలుగేళ్ళలో లోపించిన అవగాహన కోయ తల్లులదని అనగలమా?

ఇక పంది వెల సంగతి. పట్టణంలో మనకు బ్యాంకు ఖాతా ఎలాగో, కోయ ఇంట్లో పంది అలాగ. అది వంటింటి మిగులు, అడవి దుంప తిని పెరుగుతుంది. బిడ్డకు జబ్బు చేస్తే సంతలో అమ్మి డబ్బు తెచ్చుకోవచ్చు. పెళ్ళికీ, కర్మకూ, పండుగకూ ఊరికి పెట్టే భోజనం అదే. దాన్ని దూరంగా పెడితే మేపేదెవరు, కాపలా కాసేదెవరు, పోతే ఇచ్చేదెవరు? తెలుగు పట్టణాల్లో పందుల పెంపకం మీద బతికే ఎరుకల కుటుంబాలకూ ఇదే అనుభవం. మెదడువాపు కాలం వచ్చిందంటే ముందు వారి పందులకు, ఆ వెంటనే వారికి ఊళ్ళో చోటు తగ్గుతుంది. వ్యాధి నివారణ ఖర్చును అందరికంటే పేదవాడి మీద వేసి, అతడు గొణిగితే అజ్ఞానం అనడం న్యాయమూ కాదు, సైన్సూ కాదు.

జబ్బు పేరే మారితే?

అసలు కథ ఇక్కడినుంచి మొదలవుతుంది. 2016 నవంబరులో డాక్టర్ టి. జాకబ్ జాన్ నాయకత్వాన నిపుణుల బృందం మల్కనగిరికి వచ్చింది. చనిపోయిన పిల్లలందరిలో మెదడువాపు వైరస్ కనబడలేదు. చాలామందిలో జబ్బు నడిచిన తీరు కూడా వైరస్ జబ్బులా లేదు. నిన్న ఆడుకున్న బిడ్డ తెల్లవారేసరికి ఫిట్లతో పడిపోవడం, రక్తంలో చక్కెర పడిపోవడం, కాలేయం దెబ్బతినడం, గంటల్లోనే ప్రాణం పోవడం. ఇవి ఒక విషం చేసే పనుల్లా ఉన్నాయని బృందం అనుమానించింది. ఆ వేలు చూపింది ఒక మొక్కను. ఒడియాలో బణ చాకుండ, తెలుగులో కసివింద. వానలు వెనకబట్టే రోజుల్లో దిబ్బల మీద, దారుల పక్కన కాయలు కాస్తుంది. పిల్లలు ఆటగా, ఆకలిగా ఆ కాయల్లోని గింజలు తింటారు. గింజల్లోని ఆంత్రాక్వినోన్లు అనే పదార్థాలు కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తాయి. అన్నం సరిగా లేని బక్కపిల్లలకు ఇది మరీ ప్రమాదం.

ఈ అనుమానం గాలిలోంచి వచ్చింది కాదు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో ఏటా పిల్లలను తీసుకుపోయే వింత జబ్బును ఎన్నో సంవత్సరాలు వైరస్ జబ్బే అనుకున్నారు. జబ్బుపడిన పిల్లలు ఏమి తిన్నారో, పడని పిల్లలు ఏమి తిన్నారో ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులను అడిగి పోల్చి చూసిన అధ్యయనం 2007లో వెలువడింది. కసివింద గింజల సంగతి అలా బయటపడింది. సూక్ష్మదర్శినిలో కనబడని విషయం ఒక ప్రశ్నలో దొరికింది.

మల్కనగిరిలో మెదడువాపు వైరస్ లేదని దీని అర్థం కాదు. కొందరు పిల్లలకు అది ఉన్నమాట నిజం. ఎన్ని మరణాలు వైరస్ పద్దులోకి వస్తాయి, ఎన్ని విషం పద్దులోకి వస్తాయి అన్నదాని మీద వాదం నడిచింది. ఇంకో మెలిక కూడా గుర్తుంచుకోండి. 250లో 249 మందికి జబ్బు లేకుండానే వైరస్ సోకిపోతుంది గదా! కనుక ఒక బిడ్డ రక్తంలో దాని ఆనవాలు కనబడినంత మాత్రాన, ఆ బిడ్డను చంపింది అదేనని ఖాయంగా చెప్పలేము.

ఇప్పుడు మొదటి వాక్యం దగ్గరకు రండి. వ్యాధుల మీద “ప్రజల అవగాహన” కొలవడానికి ప్రశ్నావళులు వాడుతుంటారు. అందులో ఒక ప్రశ్న ఇలా ఉందనుకోండి: “మీ పిల్లల జబ్బు పందుల వల్ల వస్తుందని మీకు తెలుసా? అవును / కాదు.” 2016లో “కాదు” అన్న తల్లికి సున్న మార్కులు, “అవును” అన్న తల్లికి పూర్తి మార్కులు. తన బిడ్డ కసివింద గింజల వల్ల పోయి ఉంటే, సున్న వచ్చిన తల్లి జవాబే సరైనది! ప్రశ్న తయారుచేసినవారి జవాబు తప్పు. ఈ పద్ధతిలోని లోపం ఇదే. మనకు తెలిసిందాన్నే కొలబద్దగా పెట్టి, ఎదుటివారిని కొలుస్తుంది. ఎదుటివారికి తెలిసి మనకు తెలియనిది ఏమైనా ఉందా అని అడగడానికి అందులో గడి ఉండదు.

ఇంతకు ముందూ జరిగింది

పంది మీద తొందరపడి నేరం మోపడం మల్కనగిరితో మొదలు కాలేదు. 1998-99లో మలేషియా పందుల పెంపకం ప్రాంతాల్లో జనం మెదడు జబ్బుతో చనిపోసాగారు. అది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని తేల్చి, టీకాలు వేశారు, దోమల మందు కొట్టారు. పందులను పెంచేవారికి మాత్రం వేరే సంగతి కనబడుతూనే ఉంది. చనిపోయేది పిల్లలు కాదు, పందులతో పనిచేసే పెద్దవాళ్ళు. టీకా వేయించుకున్నవారూ పోతున్నారు. మనుషులకంటే ముందు పందులు పెద్దగా దగ్గుతూ జబ్బుపడుతున్నాయి. మెదడువాపు వైరస్ అలా చేయదు. చివరికి 1999 మార్చిలో అది ఒక కొత్త వైరస్ అని తేలింది. దాని పేరే నిపా. గబ్బిలాల నుంచి పందులకు, పందుల నుంచి నేరుగా మనుషులకు వచ్చిన జబ్బు. అప్పటికి నూరుమందికి పైగా పోయారు, పది లక్షల దాకా పందులను చంపవలసివచ్చింది. ఇక్కడ పంది నిజంగానే కారణం, కాని దోమ ద్వారా కాదు. పశువుల కొట్టంలో రోజూ తిరిగేవారి గమనికను సాక్ష్యంగా తీసుకుని ఉంటే, దారి ముందే దొరికేది.

మన దగ్గరి ఉదాహరణ 2003 నాటిది. ఆ వేసవి, వానాకాలాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడు జబ్బుతో ఆసుపత్రుల పాలయ్యారు. వారిలో 183 మంది చనిపోయారు. మొదట జనం నోట వచ్చిన పేరు మెదడువాపే. పరీక్షల్లో తేలింది చండీపుర వైరస్. 1965లో నాగపూర్ దగ్గరి ఒక పల్లెలో మొదటిసారి దొరికిన ఈ వైరస్‌ను మోసేది ఇసుక ఈగ. అది మట్టిగోడల పగుళ్ళలో ఉంటుంది. పందులను తరిమితే దానికి ఏమీ కాదు.

జనం మాట ఎప్పుడూ నిజమేనా?

ఇంతవరకూ చదివి, పల్లె జనం చెప్పిందల్లా సరైనదే అనుకుంటే అదీ పొరపాటే. దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ సంగతి చూడండి. విశాఖ మన్యంలోని అరకు, పాడేరు వైపు, ఒడిశాలోని కోరాపుట్‌లో ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ తలెత్తుతూనే ఉంది. చచ్చిన పశువును కోసి, పంచుకుని తినడం అక్కడి ముఖ్య కారణం. కోసిన చేతుల మీద నొప్పిలేని పుండు లేచి నల్లటి పెచ్చు కడుతుంది. మందు వాడితే నయమయ్యే జబ్బే. వాడకపోతే చర్మానికి వచ్చినదైనా ఐదుగురిలో ఒకరి ప్రాణం తీయగలదు. పశువును కోయగానే రక్తంలోని బాక్టీరియాకు గాలి తగిలి, గట్టి పెంకుగల బీజాలుగా మారుతుంది. ఆ బీజాలు మట్టిలో దశాబ్దాలు బతుకుతాయి. ఆ గడ్డి మేసిన పశువు మళ్ళీ చస్తుంది.

“ఎన్నోసార్లు తిన్నాం, ఏమీ కాలేదు” అన్న జవాబు ఇక్కడా వినిపిస్తుంది. ఇదీ అబద్ధం కాదు. చచ్చిన పశువుల్లో చాలావాటికి దొమ్మ ఉండదు. కాని ఉన్న ఆ ఒక్కటి ప్రాణాంతకం. కనుక ఇక్కడ అనుభవం మోసం చేస్తుంది, ఆ మాట గట్టిగానే చెప్పాలి. చెప్పేటప్పుడు వాళ్ళ ఇబ్బందీ చూడాలి. ఆరడుగుల గొయ్యి తవ్వి, సున్నం చల్లి పాతిపెట్టమని పుస్తకం చెబుతుంది. రాతి కొండ మీద ఆ గొయ్యి తవ్వడానికి నలుగురి ఒకరోజు కూలి పోతుంది. సున్నం కొనాలి. ఎద్దు పోయింది, వ్యవసాయం పోయింది, ఏడాదికి నాలుగుసార్లు కూడా దొరకని మాంసం పోయింది. పశువులకు ఏటా దొమ్మ టీకా వేసి, చచ్చిన పశువుకు పరిహారం ఇస్తే గొయ్యి తవ్వుతారు. ఒట్టి కరపత్రం ఇస్తే తవ్వరు.

కుక్కకాటు మరో ఉదాహరణ. పసరు మందు వేయించుకుని ఆసుపత్రికి పోకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. కాని సూదులంటే ఆ భయం ఎక్కడనుంచి వచ్చింది? బొడ్డు చుట్టూ వరసగా పద్నాలుగు సూదులు పొడిచిన పాత టీకా నుంచి. గొర్రెల మెదడు కణజాలంతో చేసిన ఆ టీకాను మన దేశంలో 2004 చివరికి గాని మానలేదు. ఇప్పుడిచ్చేది నాలుగైదుసార్లు, చేతికి వేసే సూది. టీకా మారింది, ఆ సంగతి మాత్రం అడవి పల్లెకు చేరలేదు. అంటే ఈ “మూఢనమ్మకం” నిన్నటి వైద్యం మిగిల్చిన జ్ఞాపకం.

నమ్మకం అనే మందు

చివరిగా, ఏ ప్రశ్నావళిలోనూ కనబడని ఒక అంశం. కొంటా బ్లాకు 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో తీవ్రంగా నలిగింది. పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరు రోడ్డు పక్క శిబిరాల్లోకి, కొందరు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి పోయారు. ఆ ఏర్పాటు చెల్లదని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పింది. ఇంత చూసిన ఊళ్ళోకి కాగితాలు పట్టుకుని కొత్తవాడు వచ్చి, ఇంట్లో ఎంతమంది, ఎన్ని పందులు అని అడిగితే జవాబు ఎలా వస్తుంది? అది కూడా తమది కాని భాషలో అడిగితే? కొంటాలో ప్రభుత్వ గోడరాత హిందీలో ఉంటుంది. నది దాటితే ఒడియాలో. వినవలసిన చెవి కోయ మాటది, దోర్లి మాటది. జబ్బుల లెక్కలు కూడా రాష్ట్రాలవారీగానే నడుస్తాయి. దోమ, కొంగ, సంతకు తోలుకొచ్చిన పంది మాత్రం రోజూ సరిహద్దు దాటుతూంటాయి.

ఇకమీదట జంతువుల జబ్బు మీద ఏ ప్రచారం చూసినా మీరు నాలుగు ప్రశ్నలు వేయండి. కారణం రుజువైందా, లేక అనుమానం మాత్రమేనా? చేయమన్న పని చేస్తే జబ్బు నిజంగా తగ్గుతుందా? ఆ పనికయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారు? అక్కడివారిని ముందుగా ఏమైనా అడిగారా? ఈ నాలుగింటికీ జవాబు ఉన్న ప్రచారం జనంలోకి పోతుంది. లేని ప్రచారం గోడ మీదే ఉండిపోతుంది.

ఇవి వేస్తూనే మీ చేతిలో ఉన్న పనులు చేయండి. ఇంటి చిన్నపిల్లలకు మెదడువాపు టీకా వేయించారో లేదో చూడండి. దోమతెర కట్టండి. కుక్క కరిస్తే పుండును సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకుపోండి. చచ్చిన పశువును కోయనివ్వకండి. కసివింద కాయలు పిల్లల నోటికి పోకుండా కాయండి, ఆకలితో పడుకోనివ్వకండి. “అవగాహన లేదు” అన్న వాక్యం మళ్ళీ ఎక్కడైనా కనబడితే, దాని పక్కన పెన్సిలుతో “ఎవరికి?” అని రాసిపెట్టుకోండి. మల్కనగిరిలో ఆ ప్రశ్న ఆలస్యంగా వేసినందుకు పోయింది పెద్దల పరువు కాదు, పసిపిల్లల ప్రాణాలు.